పాత వ్యాగన్‌ఆర్: కింద చుక్క లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతోంది

మారతహళ్లి_పాతబండి:

అందరికీ నమస్తే. బండి 2009 వ్యాగన్‌ఆర్, 1.1 పెట్రోల్, రీడింగ్ 1,12,000. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నది కాబట్టి పాత ఓనరు రేడియేటర్‌లో ఏం పోసేవారో తెలీదు. ఇప్పుడు లోపలున్నది పల్చటి టీ రంగులో ఉంది.

రిజర్వ్ డబ్బాలో వారానికి సుమారు 200 మి.లీ. తగ్గుతోంది. వారమంతా తిరిగేది 150 కి.మీ. లోపే, అదీ బెంగళూరు సిటీలోనే. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో తెల్లారి బండి కింద చూస్తే ఒక్క చుక్క ఉండదు. టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంటుంది. సిల్క్ బోర్డు దగ్గర ఏసీ వేసుకుని అరగంట ఇరుక్కుంటే మాత్రం కాస్త పైకెక్కి, ఫ్యాన్ తిరిగాక దిగుతుంది. తెల్లపొగ లేదు. ఇంజనాయిల్ మూత కింద మీగడలాంటిదేమీ పేరుకోలేదు.

ఒక మెకానిక్ రేడియేటర్ మార్చేయమన్నాడు, ఇంకొకాయన హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ, పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోయిందన్నాడు. ఇద్దరూ బానెట్ ఎత్తి చూసి చెప్పిన మాటే, టెస్ట్ ఏదీ చెయ్యలేదు. వచ్చే నెల కడప వెళ్లాలి, తిరిగొచ్చేటప్పుడు గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. ఈలోపు లీక్ ఎక్కడో పట్టుకోవాలంటే ఏ వరసలో వెళ్లాలి?

స్పానర్_10_12:

రేడియేటరూ వద్దు, హెడ్డూ వద్దు. ముందు క్యాప్ సంగతి తేల్చండి.

మీ బండిలో రేడియేటర్ నెత్తిన ఉన్న మూతలో రెండు వాల్వులుంటాయి. కూలెంట్ వేడెక్కి ఉబ్బినప్పుడు ప్రెషర్ మూత మీద రాసిన అంకె దాటితే (ఈ బండ్లకు మామూలుగా 0.9 బార్) పెద్ద స్ప్రింగు ఎత్తుకుని, ఎక్కువైనది సన్న ట్యూబు గుండా డబ్బాలోకి పోతుంది. ఇంజన్ చల్లారాక లోపల వ్యాక్యూమ్ ఏర్పడి, అడుగున ఉన్న చిన్న వాల్వు తెరుచుకుని అదే కూలెంట్ వెనక్కి వస్తుంది. స్ప్రింగు నీరసించిందనుకోండి, 0.5 దగ్గరే ఎత్తేస్తుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడల్లా డబ్బా నిండి, ఎక్కువైంది రోడ్డు మీద పోతుంది. బేస్‌మెంట్‌కి వచ్చేసరికి కారడానికి ఏమీ మిగలదు. మీకు చుక్క కనపడకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

చిన్న వాల్వు ఇరుక్కుంటే ఇంకో తమాషా: డబ్బా నిండుగా ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతూ ఉంటుంది. అందుకే డబ్బా చూసి సరిపెట్టుకోకండి. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు క్యాప్ తీసి చూడండి, మెడ దాకా ఉండాలి. పైన లావు హోస్ చప్పిడిగా అణిగిపోయి ఉంటే చిన్న వాల్వు పని చెయ్యట్లేదన్నమాట, లేదా డబ్బాకి వెళ్లే ట్యూబు ఎక్కడో మూసుకుపోయింది. అదే ట్యూబు చిట్లి ఉంటే కూలెంట్ బదులు గాలి పీల్చుకుంటుంది. క్యాప్ రబ్బరు వాషర్ మీద పగుళ్లున్నా, గట్టిపడి గోరు దిగకపోయినా మార్చేయండి. దాని ఖరీదు రేడియేటర్ ఖరీదులో పదోవంతు కూడా ఉండదు. మీద అంకె పాతదే ఉండాలి. 1.1 వేస్తే ఇంకా మంచిదని షాపులో అంటారు. పదిహేనేళ్ల హోసులకీ ప్లాస్టిక్ ట్యాంకుకీ అది మంచిది కాదు.

బెంగళూరులో క్యాప్ సంగతి ఇంకొంచెం ముఖ్యం. ఊరు 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 0.9 క్యాప్ సరిగా పట్టుకుంటే అది 117 దాకా వెళ్తుంది. సగానికే వదిలేసే క్యాప్‌తో 108 దగ్గరే ఆవిరి మొదలు. కూలెంట్ కలిపితే ఇంకొన్ని డిగ్రీలు కలిసొస్తాయి, కానీ మీ టీ రంగు ద్రవంలో కూలెంట్ ఎంతుందో అనుమానమే.

క్యాప్ తర్వాత టార్చి. తడి కోసం వెతకకండి, మరక కోసం వెతకండి. కూలెంట్ ఆరితే తెల్లగానో, ఆకుపచ్చగానో, తుప్పురంగులోనో ఉప్పు పొరలా పట్టుకుంటుంది. రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత, హోసుల నాలుగు చివర్లు, థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) హౌసింగ్, వాటర్ పంపు కింద చిన్న రంధ్రం చూడండి. ఆ రంధ్రం కావాలనే పెట్టింది: లోపలి సీల్ అరిగితే అక్కణ్ణుంచి చెమ్మ బయటపడుతుంది. దాన్ని ఎంసీల్‌తో మూసేసిన ఘనులున్నారు. అప్పుడు నీళ్లు బేరింగులోకి పోతాయి. ముందు ఎడమ సీటు కింద కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. తడి జారుడుగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు లోపలుండే చిన్న రేడియేటర్) కారుతోంది, రంగూ వాసనా లేని నీళ్లయితే ఏసీ డ్రెయిన్ మూసుకుపోయింది. రుచి చూడకండి, అది విషం.

హెబ్బాళ_గేర్‌బాక్స్:

పైన చెప్పిందంతా సరే, ఒకటి కలుపుతాను. మీరు బండి నడుపుకుంటూ గ్యారేజీకి వెళ్తే లీక్ దాక్కుంటుంది. స్క్రూ క్లిప్పు కింద పాత రబ్బరు గట్టిపడి ఉంటుంది. రాత్రి చల్లబడి అంతా ముడుచుకున్నప్పుడు సన్న సందు వస్తుంది. ఇంజన్ వేడెక్కితే లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున 15 డిగ్రీల దాకా దిగుతుంది కదా, ఇలాంటి లీకులు బయటపడే కాలం అదే. కాబట్టి టెస్టర్ మీ బేస్‌మెంట్‌కే తెప్పించుకోండి. జేసీ రోడ్డులో చేతిపంపు రకం కూలింగ్ ప్రెషర్ టెస్టర్ దొరుకుతుంది. మీ రేడియేటర్ మెడకి సరిపోయే అడాప్టర్ ఉందో లేదో పాత క్యాప్ పట్టుకెళ్లి పోల్చి చూసుకోండి.

వాడే విధానం: రాత్రంతా ఆగిన ఇంజన్. రేడియేటర్ మెడ దాకా నింపండి. క్యాప్ బదులు టెస్టర్ బిగించి 0.9 దాకా కొట్టండి, అంతకు మించొద్దు. మొదటి రెండు మూడు నిమిషాల్లో ముల్లు కొంచెం దిగడం మామూలే, హోసులు సాగుతాయి. మళ్లీ 0.9 కి తెచ్చి టైము రాసుకోండి. 20 నిమిషాలు. ఆ టైములో టార్చి, చిన్న అద్దం పెట్టి ఇంజన్ వెనక భాగం, ముఖ్యంగా ఫైర్‌వాల్ వైపు హీటర్ హోసులు చూడండి. ముల్లు దిగి బయటెక్కడా తడి లేకపోతే హీటర్ కోర్ లేదా హెడ్. అసలు దిగకపోతే సిస్టమ్ బాగుంది, క్యాపే దొంగ. క్యాప్‌ని కూడా అదే పంపుకి అడాప్టర్‌తో బిగించి ఎంత దగ్గర వదులుతుందో చూడొచ్చు.

హెడ్ అనుమానం తీరాలంటే టెస్టర్ అలాగే ఉంచి, 0.2 దాకా వదిలేసి, చల్లని ఇంజన్ స్టార్ట్ చెయ్యండి. మొదటి ఒకటి రెండు నిమిషాల్లో ఇంజన్ ఇంకా వెచ్చబడకముందే ముల్లు జోరుగా లేచినా, ప్రతి ఫైరింగుకీ అదిరినా సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోంది. అప్పుడు బ్లాక్ టెస్టర్‌తో (రేడియేటర్ మెడలోని గ్యాస్‌ని రంగు ద్రవం గుండా లాగి చూసేది) ఖాయం చేసుకోవచ్చు: నీలం ద్రవం పసుపుపచ్చగా మారితే హెడ్ విప్పాల్సిందే. ముల్లు 0.9 దాటబోతే వెంటనే ప్రెషర్ వదిలెయ్యండి. ఫ్యాన్‌కి చెయ్యి దూరంగా ఉంచండి, ఎప్పుడైనా తిరగొచ్చు.

పసుపుపొడి, కోడిగుడ్డు తెల్లసొన, సీసాల్లో అమ్మే స్టాప్ లీక్ ఎవరు చెప్పినా వద్దు. పసుపు నిజంగానే సన్న కన్నాన్ని పూడుస్తుంది, నడిరోడ్డు మీద ఇల్లు చేరడానికి పనికొస్తుంది కూడా. కానీ దానికి కన్నమేదో, హీటర్ కోర్ సన్న గొట్టమేదో తేడా తెలీదు.

మారతహళ్లి_పాతబండి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆదివారం పొద్దున ఆరింటికి చేశాను. ఫలితాలు:

క్యాప్ 0.6 దగ్గరే వదిలేస్తోంది, మీద 0.9 అనే ఉంది. సిస్టమ్ 20 నిమిషాల్లో 0.9 నుంచి 0.7 కి దిగింది. ఇంజన్ వెనక, ఇన్‌టేక్ కింద ఒక ఇనప పైపు ఉంది, దానికి హోస్ ఎక్కే చోట చుక్క తేలుతోంది. అది గేర్‌బాక్స్ పైభాగం మీద పడి అక్కడే ఆరిపోతోంది, తుప్పురంగు మరక ఉంది. క్లిప్పు ఒకటిన్నర చుట్టు బిగించాను, తగ్గింది కానీ ఆగలేదు. స్టార్ట్ చేశాక రెండు నిమిషాల్లో ముల్లు కదల్లేదు. కార్పెట్ పొడిగానే ఉంది.

హోస్ ఒక్కటి మారిస్తే చాలా? ఆ పైపు కూడా తీయించాలా?

స్పానర్_10_12:

హెడ్ గ్యాస్కెట్ ఖర్చు తప్పినట్టే. మీకున్నవి రెండు లోపాలు. ఒకటి మారిస్తే రెండోది మిగులుతుంది. క్యాప్ మాత్రమే కొత్తది వేస్తే ప్రెషర్ నిలబడి, ఆ జాయింటు ఇప్పటికంటే ఎక్కువ కారుతుంది. చాలామంది అక్కడే "కొత్త క్యాప్ వేశాక లీక్ మొదలైంది" అని తిడతారు.

క్లిప్పు ఇంకా బిగించకండి. ఆ జాయింటులో అసలు గొడవ రబ్బరుది కాదు. బోరునీళ్లు పోస్తే ఇనప పైపు మెడ మీద, హోస్ కిందే తుప్పు పొక్కులు లేస్తాయి. పొక్కు రబ్బరుని ఎత్తిపెడుతుంది, పక్కన సందు మిగులుతుంది. బిగించేకొద్దీ స్క్రూ క్లిప్పు రబ్బరుని కోస్తుందే తప్ప సందు మూయదు. హోస్ ఊడదీసి (లాగకండి, కోసెయ్యండి, ఎలాగూ పడేసేదే) మెడని 120 నంబరు, తర్వాత 320 ఎమరీ పేపర్‌తో శుభ్రం చెయ్యండి. నునుపుగా వస్తే కొత్త హోస్ చాలు. గోరు ఇరుక్కునేంత గుంటలున్నా, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టితే పొరలు రాలినా పైపు మార్చాల్సిందే. పైన సిలికాన్ పూసి సర్దేస్తామంటారు, ఊడిన ముక్కలు వెళ్లి థర్మోస్టాట్‌లో కూర్చుంటాయి.

పైపు మారిస్తే దాని రెండో కొసన ఉన్న ఓ-రింగ్ కూడా కొత్తదే వెయ్యండి. దానికి ఇంజనాయిలు గానీ మామూలు గ్రీజు గానీ రాయకూడదు, కూలెంట్ ఓ-రింగులు ఈపీడీఎం రబ్బరు, నూనె తగిలితే ఉబ్బుతాయి. కాస్త కూలెంట్ రాసి తొయ్యండి, చాలు. హోస్‌కి స్ప్రింగ్ క్లిప్పు దొరికితే అదే మేలు: రబ్బరు ముడుచుకున్నా, ఉబ్బినా దానంతటదే పట్టు నిలుపుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు కారే జాయింటుకి మందు అదే. క్లిప్పు మెడ మీది గట్టు దాటి లోపలివైపు కూర్చోవాలి, గట్టు మీద కాదు.

ఇదంతా విప్పినప్పుడు వాటర్ పంపు కప్పీని ఊపి చూడండి. ఆట ఉంటే ఇప్పుడే చెయ్యండి. ఈ ఇంజన్‌లో పంపు ఊడదీయాలంటే టైమింగ్ బెల్టు తీయాలి. బెల్టు ఎప్పుడు మార్చారో రికార్డు లేకపోతే అదీ కొత్తది వేసేయండి, కూలి ఒకటే. ఆట లేకపోతే ముట్టుకోకండి.

"వాల్వు తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది" అని థర్మోస్టాట్ తీసేసే అలవాటు మన దగ్గర ఉంది. మీ దాంట్లో అసలు ఉందో లేదో హౌసింగ్ విప్పి చూడండి. లేకపోతే కొత్తది వెయ్యండి. అది లేకపోతే ఇంజన్ సరిగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

హెబ్బాళ_గేర్‌బాక్స్:

నింపడంలో జనం చేసే పొరపాటు ఒకటుంది. టీ రంగు పోయేదాకా మంచినీళ్లతో ఫ్లష్ చేస్తారు, తర్వాత రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపిన కూలెంట్) పోస్తారు. రేడియేటర్ ఖాళీ చేసినా బ్లాకులో, హీటర్‌లో నీళ్లు మిగిలే ఉంటాయి కాబట్టి మిక్స్ పల్చబడిపోతుంది. అందుకని కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్) కొనండి. మాన్యువల్‌లో సిస్టమ్ మొత్తం కెపాసిటీ చూసి అందులో సగం కాన్సన్‌ట్రేట్ ముందు పొయ్యండి, తర్వాత డీఎం వాటర్‌తో (లవణాలు తీసేసిన నీళ్లు) నింపండి. 4 లీటర్లనుకుంటే 2 లీటర్లు ముందు. ఇక్కడ నీళ్లు గడ్డకట్టే బాధ లేదు గనక 40 శాతమైనా నడుస్తుంది, కానీ మూడోవంతుకి తగ్గితే తుప్పుని ఆపే మందు చాలదు. సీసా మీద టైపు చూడండి, రంగు నమ్మకండి. రంగుకి ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. బాటిల్ మినరల్ వాటర్ డీఎం వాటర్ కాదు.

గాలి తీయడం: ముందు చక్రాలు కాస్త ఎత్తులో, హీటర్ నాబ్ పూర్తి వేడికి, క్యాప్ తెరిచి ఐడిల్‌లో వదలండి. పైహోస్ అప్పుడప్పుడూ గుడ్డతో పట్టుకుని పిసుకుతుంటే బుడగలు వస్తాయి, మట్టం దిగినకొద్దీ పోస్తుండండి. ఏసీ లేకుండా ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక క్యాప్ పెట్టండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మెడ దాకా చూసి, టెస్టర్ ఇంకోసారి కొట్టండి. 20 నిమిషాలు ముల్లు కదలకూడదు. డబ్బా మీద మట్టం దగ్గర టేపు అంటించి, పది రోజులు పొద్దున పూటే చూడండి. మొదటి రెండు మూడు రోజుల్లో వేలెడు తగ్గితే గాలి బయటికి వచ్చిందంతే. ఆ తర్వాత కూడా దిగుతుంటే ఇక్కడ రాయండి, అప్పుడు డై వేసి యూవీ టార్చితో చూద్దాం.

ఘాట్‌లో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, అద్దాలు దించి, నీడ దొరికిన చోట ఆగండి. ఎంత తొందరున్నా గంటలోపు క్యాప్ తీయకండి, వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోయకండి.

పాత కూలెంట్ బేసిన్‌లో పట్టి డబ్బాలో పోసి గ్యారేజీకి ఇచ్చేయండి. తియ్యగా ఉంటుంది కాబట్టి వీధికుక్కలు నాకుతాయి, కొంచెం చాలు చచ్చిపోవడానికి. బేస్‌మెంట్‌లో ఒలికితే రంపపు పొట్టు చల్లి ఊడ్చి, రెండు బకెట్ల నీళ్లతో కడగండి.