టీ-బోసియెట్: సముద్రంలో ఈదినోడికి హ్యూయెట్ కష్టమా?

ఉద్దానం కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర. తమ్ముడు స్కాఫోల్డరు (పరంజా కట్టే పని), గల్ఫ్‌లో ఆఫ్‌షోర్ ప్లాట్‌ఫారం మీద పని వచ్చింది. కంపెనీ వాళ్ల మెయిల్లో టీ-బోసియెట్ అడిగారు, సముద్రంలో చమురు ప్లాట్‌ఫారాల మీద పనికెళ్లేవాళ్ల భద్రతా శిక్షణట. వాడి దగ్గర ఎస్టీసీడబ్ల్యూ (ఓడ పనోళ్ల భద్రతా కోర్సు) కాయితాలున్నాయి, అవి చాలని ఏజెంటు అంటన్నాడు. నిజమేనా? ఇంకోటి, హెలికాప్టర్ డబ్బాలో బెల్టు పెట్టి నీళ్లలో తలకిందులు చేస్తారట కదా, హ్యూయెట్ అంటే అదేనట. "చిన్నప్పట్నుంచి సముద్రంలోనే ఉన్నాను, నాకేటి" అని వాడి ధీమా. ముందుగా ఏమైనా సాధన చెయ్యాలా?

రిగ్గర్ మావ:
చాలదు. ఎస్టీసీడబ్ల్యూ ఓడ సిబ్బందికి, టీ-బోసియెట్ ఓపిటో (చమురు పనుల శిక్షణకి ప్రమాణాలు పెట్టే సంస్థ) వాళ్ల కోర్సు. ఓడ కోర్సులో లైఫ్ రాఫ్టు (ప్రమాదంలో ఎక్కే, గాలితో ఉబ్బే తెప్ప), మంటలు, ప్రథమ చికిత్స ఉంటాయి గానీ హెలికాప్టర్ ఉండదు. టీ-బోసియెట్ 3 రోజులు, 4 ఏళ్లు చెల్లుతుంది. గడువు దాటక ముందే రిఫ్రెషర్ చేసుకోవాలి, దాటితే మళ్లీ మొత్తం కోర్సే. "టీ" అంటే వెచ్చటి నీళ్ల ప్రాంతాలకు. రేపు ఉత్తర సముద్రంలో పని వస్తే ఇది పనికిరాదు. ఏజెంటు సంగతి: విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరైనోడో కాదో ఈ-మైగ్రేట్ సైట్లో చూడు. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకంటే తీసుకోకూడదు.

డెక్ మీద బొమ్మిడాయి:
మీ తమ్ముడి ధీమా దగ్గరే తిరకాసుంది. ఈత బాగా వచ్చినోడు చేసే మొదటి తప్పు బెల్టు ముందే విప్పెయ్యడం. హెలికాప్టర్‌కి ఇంజను, గేర్‌బాక్సు బరువంతా పైనే, నీళ్లలో పడగానే బోర్లాపడుతుంది. అప్పుడు పైకి ఈదితే తగిలేది దాని నేల. కుర్చీకి బెల్టుతో కట్టుకుని ఉన్నంతసేపూ కుడివైపు కిటికీ కుడివైపే ఉంటుంది, ఎన్నిసార్లు తిరిగినా సరే. బెల్టు విప్పితే ఒళ్లు తేలిపోయి కుడేదో ఎడమేదో తెలీదు. పైగా బెల్టు లేకుండా కిటికీని తోస్తే కిటికీ కదలదు, నువ్వే వెనక్కి పోతావు.

వరస ఇది. ఒక చెయ్యి కిటికీ అంచు మీద, రెండోది బకిల్ మీద. నీళ్లు మొహం దాకా వచ్చేముందు ఊపిరి నిండా పీల్చు. కుదుపు, తిరగడం పూర్తిగా ఆగేదాకా కదలకు. కిటికీని మూల దగ్గర గట్టిగా తోసెయ్యి. ఆ చెయ్యి అంచు వదలకుండానే రెండో చేత్తో బెల్టు విప్పు, చేతులతో లాక్కుంటూ బయటికి రా. కాళ్లు కొట్టకు, వెనకోడి మొహానికి తగుల్తాయి. లైఫ్ జాకెట్ లోపల ఉబ్బించావో, అది నిన్ను నేలకి అదిమేస్తుంది, కిటికీలోంచి దూరలేవు. బయటికొచ్చాకే తాడు లాగాలి.

ఇంట్లో సాధనకి ప్లాస్టిక్ కుర్చీ చాలు. కళ్లు మూసుకుని, నడుముకి తువ్వాలు కట్టుకుని, చేతుల వరస ఇరవై సార్లు. నీళ్లలో కళ్లు తెరిచినా మసకే, చెయ్యే దారి చూపాలి.

ఉద్దానం కుర్రోడు:
థాంక్స్ అన్నా. ముక్కులోకి నీళ్లు పోతే? గాలి సీసా కూడా ఇస్తారని విన్నాను.

డెక్ మీద బొమ్మిడాయి:
తలకిందులైతే ముక్కులోకి నీళ్లు పోతాయి. ముక్కుతో కొద్దికొద్దిగా గాలి వదులు, మంట తగ్గుతుంది. గాలి సీసా అన్ని కోర్సుల్లోనూ ఉండదు, కంపెనీని ముందే అడుగు. ఉంటే ఒకటే నియమం: అందులోంచి పీల్చి పైకొచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. పైకొస్తున్న కొద్దీ ఆ గాలి వ్యాకోచిస్తుంది, ఒకటి రెండు మీటర్ల లోతు నుంచైనా ఊపిరితిత్తులు చిరగొచ్చు. జలుబు చేసి ఉంటే తారీకు మార్చుకోమను.

భావనపాడు బల్లకట్టు:
రాఫ్టు సంగతీ చెప్తాను, మన తీరపోళ్లు అక్కడా పడవ అలవాటు చూపిస్తారు. బోర్లాపడ్డ పడవని అంతా ఓ పక్కన చేరి ఎత్తుతాం కదా, రాఫ్టుకి అంతమంది అక్కర్లేదు, ఒక్కడు చాలు. గ్యాస్ సిలిండరున్న వైపు గాలి పోయే దిక్కుకి తిప్పి, ఆ అంచు మీద నిలబడి, గాలికి ఎదురుగా మొహం పెట్టి, అడుగున ఉన్న పట్టీ పట్టుకుని వెనక్కి వాలు. అవతలి అంచు కిందకి గాలి దూరి అదే ఎత్తుతుంది. నీ మీద పడుతుంది, కంగారొద్దు: వెల్లకిలా తేలుతూ చేతులతో దాన్ని తోసుకుంటూ బయటికి రా.

ఎక్కాక ముందు ఓడకి కట్టిన తాడు కోసెయ్యి, సీ యాంకర్ (రాఫ్టు కొట్టుకుపోకుండా నీళ్లలో లాగే గుడ్డ సంచి) వదులు, పైకప్పు మూసుకో. వాంతుల మాత్ర వెంటనే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక మాత్ర నిలవదు, ఒంట్లో నీళ్లు పోతాయి. ఓడ రాఫ్టులో మనిషికి లీటరున్నర మంచినీళ్లే. దెబ్బ తగిలినోళ్లకి తప్ప మొదటి 24 గంటలు ఎవరికీ ఇవ్వరు, తర్వాత రోజుకి అర లీటరు. మన సముద్రం వెచ్చనిదే గానీ రాత్రంతా నీళ్లలో ఉంటే అదీ వణికిస్తుంది. రాఫ్టు అందకపోతే మోకాళ్లు గుండెలకి మడుచుకుని, నలుగురూ అంటిపెట్టుకుని ఉండండి, ఈదొద్దు.