‘స్వనుష్ఠితాత్’లో ఉన్నది ‘స్వ’ కాదు

ప్రశ్న: గీత 3-35, ‘శ్రేయాన్ స్వధర్మో విగుణః పరధర్మాత్ స్వనుష్ఠితాత్’. దీనికి ‘తానుగా ఆచరించే పరధర్మం కన్నా గుణం లేని స్వధర్మం మేలు’ అని వాట్సాప్‌లో అర్థం తిరుగుతోంది. గుణమే లేనిది మేలెలా అవుతుందండీ?

జవాబు: రెండు చోట్లా కాలు జారిందండీ. ముందు ‘స్వనుష్ఠితాత్’ చూడండి. స్వ + అనుష్ఠిత అయితే సవర్ణదీర్ఘం వచ్చి ‘స్వానుష్ఠిత’ కావాలి. ఇక్కడ దీర్ఘం లేదు. కనుక ఇది సు (చక్కగా) + అనుష్ఠిత, యణాదేశం (ఉకారం వకారమైంది). స్వల్పం (సు + అల్పం) ఎలాగో ఇదీ అలాగే. అనుమానముంటే ఛందస్సు తీర్చేస్తుంది. ఈ శ్లోకం ఛందస్సైన అనుష్టుప్పులో ప్రతి పాదానికీ అయిదో అక్షరం లఘువు. ప-ర-ధ-ర్మాత్-స్వ అని లెక్కపెట్టండి, అయిదోది ‘స్వ’. దాన్ని ‘స్వా’ చేస్తే గురువై కూర్చుంటుంది. అంటే అర్థం ‘చక్కగా ఆచరించిన పరధర్మం కంటె’. ‘కంటె’ ఇచ్చేది చివరి పంచమీ విభక్తి.

ఇక ‘విగుణః’. తెలుగులో గుణం అనగానే మంచితనం తోస్తుంది, చిక్కంతా అక్కడే. ఈ మాటకు శంకరభాష్యం ‘విగతగుణోऽపి’ (గుణం లోపించినా) అనీ, ‘స్వనుష్ఠితాత్’కు ‘సాద్గుణ్యేన సంపాదితాత్’ (లోపం లేకుండా నెరవేర్చినదాని కంటె) అనీ చెప్పింది. కొరత ధర్మానిది కాదు, చేసిన తీరుది. 18-47లో ఇదే అర్ధశ్లోకం మళ్లీ వస్తుంది. దాని వెంటనే 18-48లో ‘సదోషమపి’ (దోషం ఉన్నా) అని, నిప్పును పొగ కమ్మినట్టు ఏ పనినైనా దోషం కమ్మే ఉంటుందన్నారు. ‘కొరతగా చేసినా’ అని తెనిగిస్తే సరిపోతుంది. మూలంలో ‘అపి’ లేదు, ఆ ‘అయినా’ భాష్యకారులు అందించింది.

ఇంకొకరు: ‘పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు’ అన్న మన సామెతా ఇదేగా?

జవాబు: దగ్గరిదే, కానీ ఇదే కాదు. పులి చార బొచ్చు గొరిగినా తోలు మీద కనిపిస్తుంది. వాత పడినచోట బొచ్చే మొలవదు. సామెతలో అనుకరణ చెడింది, అందుకే నవ్వొస్తుంది. శ్లోకం అంతకన్నా గట్టిది: అనుకరణ అచ్చంగా కుదిరినా వద్దంటోంది. ఎదుటివాడితో పోటీ అసలు లెక్కలోనే లేదు. ఒకే మనిషి చేయగల రెండు పనుల మధ్య బేరీజు అది. ‘పెట్టుకున్నట్టు’లోని ‘కొను’ను కూడా వదలకండి. ఎవరో కాల్చలేదు, నక్కే కాల్చుకుంది.

ఇంకొకరు: పేపర్లో ‘మృత్యువాత’ అంటారే, అదీ ఈ వాతేనా?

జవాబు: కాదండీ. వాయి అంటే నోరు. నోరు ‘నోట’ అయినట్టు వాయి ‘వాత’ అవుతుంది. మృత్యువు నోట పడ్డారని. కర్రు కాల్చి పెట్టే వాత వేరు.