స్కూళ్లు 20 మాత్రమే దొరికాయి, పిల్లల సంఖ్య పెంచితే పవర్ వస్తుందా?

పరిశోధక_విద్యార్థి:
మా ట్రయల్‌లో లాటరీ వేసేది పిల్లలకు కాదు, స్కూళ్లకు. 20 స్కూళ్లు ఒప్పుకున్నాయి. కొత్త పద్ధతి అందే వైపుకు 10, అందని వైపుకు 10, స్కూల్‌కి 50 మంది. పిల్లలకే లాటరీ వేసే మామూలు లెక్కలో 0.3 ఎస్‌డీ (మార్కుల ప్రామాణిక విచలనం) తేడా పట్టడానికి, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టే అవకాశం), వైపుకు 175 మంది చాలు. నా దగ్గర వైపుకు 500 మంది ఉన్నారు. అయినా మా గైడ్ చాలదంటున్నారు. స్కూల్‌కి 100 మందిని తీసుకోనా? ఎల్లుండి ప్రోటోకాల్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

లెక్కల_పిచ్చి:
మీ గైడ్ చెప్పింది నిజమండీ. ఒకే స్కూల్ పిల్లలకు టీచర్లు, వాతావరణం ఒకటే కాబట్టి మార్కుల్లో కొంత పోలిక ఉంటుంది. దాన్ని కొలిచేదే ఐసీసీ. అది 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఈ పోలిక వల్ల పిల్లలు ఎన్ని రెట్లు ఎక్కువ కావాలో చెప్పేది) 1 + (50 − 1) × 0.05 = 3.45. మీ 500 మంది 145 మందితో సమానం. స్కూల్‌కి 100 మందిని తీసుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 5.95 అవుతుంది. 1000 మందిని పరీక్షిస్తే దక్కేది 168. స్కూల్‌కి ఎంతమందిని చేర్చినా వైపుకు 10 స్కూళ్లతో 10 / 0.05, అంటే 200 దాటదు. అదే 50 మంది చొప్పున వైపుకు 20 స్కూళ్లయితే 290. మీకు కావలసింది స్కూళ్లు.

ఫీల్డ్_అనుభవం:
ఆ 0.05 ఎక్కడి నుంచి తెచ్చారో కూడా చూసుకోండి. మేం నాలుగే క్లస్టర్ల (మీ స్కూళ్లలాగా లాటరీ వేసే గుంపులు) పైలట్‌లో, అంటే చిన్న ముందస్తు ప్రయోగంలో, వచ్చిన 0.01ని నమ్మాం. క్లస్టర్‌కి 30 మంది, డిజైన్ ఎఫెక్ట్ 1.29 అని రాసుకున్నాం. చివర్లో ఐసీసీ 0.04 తేలింది, అంటే 2.16. ఊరూరూ తిరిగి తెచ్చిన డేటా, జవాబు మాత్రం అటూ ఇటూ కాకుండా పోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నాలుగు క్లస్టర్లతో ఐసీసీ అంచనా నిలవదు. ఇలాంటి పిల్లల మీద, ఇదే ఫలితం కొలిచిన పాత ట్రయల్స్‌లోని విలువలు తీసుకుని 0.02, 0.05, 0.10 మూడింటికీ లెక్క వేయండి. ట్రయల్ రిపోర్టింగ్‌కి వాడే కన్సార్ట్ వారి 2012 క్లస్టర్ మార్గదర్శకం కూడా ఐసీసీతో పాటు దాని అనిశ్చితిని చెప్పమంటుంది.

లెక్కల_పిచ్చి:
ఇంకో మాట. స్కూళ్ల సైజులు సమానంగా ఉండవు కదా? సైజుల ఎస్‌డీని సగటుతో భాగిస్తే 0.6 వచ్చిందనుకోండి, 3.45 కాస్తా 4.35 అవుతుంది. 175 × 3.45 / 50 లెక్కన వైపుకు 13 స్కూళ్లు చాలనుకున్నది 16కి చేరుతుంది. క్లస్టర్లు తక్కువ కాబట్టి టీ-పంపిణీ (శాంపిల్ చిన్నదైతే వాడే, కాస్త కఠినమైన లెక్క) కోసం వైపుకు ఇంకొకటి కలపండి.

పరిశోధక_విద్యార్థి:
34 స్కూళ్లు నా వల్ల కాదండీ. ఇంకేమైనా దారి ఉందా?

ఫీల్డ్_అనుభవం:
పిల్లల పాత మార్కులు దొరుకుతాయా? పాత, కొత్త మార్కుల మధ్య సహసంబంధం పిల్లల స్థాయిలోనూ స్కూళ్ల సగటుల్లోనూ 0.7 ఉంటే, వాటిని మోడల్‌లో కలిపితే వేరియన్స్ (మార్కుల్లో మిగిలే హెచ్చుతగ్గులు) దాదాపు సగానికి తగ్గుతుంది. కావలసిన స్కూళ్లూ ఆ మేరకు తగ్గుతాయి. అవి దొరక్కపోతే, సైజులు సమానంగా ఉన్నా 20 స్కూళ్లతో పట్టగలిగేది సుమారు 0.35 ఎస్‌డీ తేడా అని ప్రోటోకాల్‌లో ఉన్నదున్నట్టు రాయండి.

పరిశోధక_విద్యార్థి:
గత ఏడాది మార్కులు స్కూళ్ల దగ్గర ఉన్నాయి! రేపు పొద్దున్నే అడుగుతాను. సహసంబంధం ఎంత వచ్చిందో ఇక్కడే చెబుతాను.