పద్మినిలో హైదరాబాద్ నుంచి నేపాల్: ఇంజిన్ విప్పించాలా, వద్దా?

నాన్నగారి పద్మిని

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 1984 ప్రీమియర్ పద్మిని ఉంది. మొదటి నుంచీ ఆయనే ఓనరు, ఆర్సీ ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. ఆయనకిప్పుడు 71 ఏళ్లు. నేపాల్‌లో కొండల మీదున్న ముక్తినాథ్ గుడి చూడాలని ఎప్పటి నుంచో ఉంది. ఫ్లైట్‌లో తీసుకెళ్తానంటే ఏమీ అనకుండా ఊరుకున్నారు, మొన్న భోజనాల దగ్గర మాత్రం "వెళ్తే మన బండిలోనే వెళ్దాంరా" అన్నారు. ఇక నాకు వేరే ఆలోచన లేదు.

అక్టోబరు చివర్లో బయల్దేరాలని. నాగ్‌పూర్, జబల్‌పూర్, రేవా, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ బోర్డర్ దాటి పోఖరా, అంటే ఒకవైపే 1700 కిలోమీటర్ల పైమాటే. చేతిలో నాలుగు నెలలుంది.

బండి రోజూ ఇంటి చుట్టుపక్కల తిరుగుతుంది, స్టార్టింగ్‌కి ఇబ్బంది లేదు, నీలం పొగ లేదు. పోయిన నెల నల్గొండ వెళ్లొస్తుంటే నార్కట్‌పల్లి దాటాక మిట్టమధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోయింది. నాకు టెన్షన్. నాన్న నింపాదిగా దిగి, బానెట్ ఎత్తి, కండువా తడిపి పెట్రోల్ పంపు మీద చుట్టి, చెట్టు కింద కూర్చున్నారు. పదిహేను నిమిషాలకి స్టార్ట్ అయింది.

మా మెకానిక్ "అంత దూరమంటే ఇంజిన్ మొత్తం దించి బోరు చేయాల్సిందే" అంటున్నాడు (అంటే అరిగిన సిలిండర్లని లోపల కోసి కొత్త పిస్టన్లు వేయడం). ఇంకొకాయన ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టించు, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించు అంటున్నాడు. డబ్బు సంగతి పక్కన పెడితే అసలు ఏది అవసరం, ఏది కాదు? పద్మినితో దూరాలు తిరిగినవాళ్లు దయచేసి చెప్పండి.

ఆటోనగర్ అబ్బాయి

అన్నా, ముందు ఇంజిన్ జోలికి వెళ్లొద్దు. నీలం పొగ లేదంటున్నావు, ఆయిల్ తాగడం లేదంటే, కంప్రెషన్ (సిలిండర్ లోపల పిస్టన్ నొక్కే ఒత్తిడి) నాలుగు సిలిండర్లలో దగ్గర దగ్గరగా వస్తే, నడుస్తున్న ఇంజిన్‌ని విప్పడం అంత పొరపాటు ఇంకోటి లేదు. బోరు చేసి కొత్త పిస్టన్లు వేశాక కనీసం వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడిపి సెట్ చేయాలి. మీరు సర్వీసుకి ఇచ్చి, వాళ్లు ఆలస్యం చేసి, చివరికి ఆ సెట్టింగ్ అంతా నాగ్‌పూర్ హైవే మీదే జరుగుతుంది. మాది బెజవాడ, మా షాపులో చిన్నప్పటి నుంచీ ఈ బండ్లే చూశాను. రోడ్డు మీద నిలబెట్టేది ఎప్పుడూ పిస్టన్లు కాదు, చిన్న రబ్బరు ముక్క, లేకపోతే నిన్నగాక మొన్న మార్చిన కొత్త సామాను.

పద్మినికి 1089 సీసీ ఇంజిన్, బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. ఒక్కసారి బాగా వేడెక్కిందంటే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. కాబట్టి నువ్వు పెట్టే డబ్బంతా ముందు చల్లబరిచే వైపు పెట్టు. రేడియేటర్ దించి, ట్యాంకులు విప్పించి, గొట్టాల్లో సన్నటి చువ్వ పెట్టి శుభ్రం చేయించు, ఊరికే నీళ్లు కొట్టి కడిగితే లాభం లేదు. వాటర్ పంపు దగ్గర చుక్క కారిన గుర్తు ఉందేమో చూడు. పైపులన్నీ కొత్తవి వేయించు, క్లిప్పులతో సహా. ఫ్యాన్ బెల్ట్ కొత్తది వేసి, పాతది బాగుంటే డిక్కీలో పెట్టుకో. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అక్కర్లేదు, రేడియేటర్ శుభ్రంగా ఉంటే కంపెనీ ఇచ్చిన ఫ్యానే చాలు, పైగా అది పెడితే కరెంటు లోడు పెరుగుతుంది.

బ్రేకుల సంగతి కాస్త వివరంగా చెప్తాను. నాలుగు వైపులా డ్రమ్ములే. డిస్కులు పెట్టించడం తప్పని కాదు, కానీ వేరే బండి సామాను తెచ్చి అతికించిన బ్రేకు ఒక ఏడాది నడిచి నిలబడిందని తెలిశాకే కొండల్లోకి తీసుకెళ్లాలి. నాలుగు నెలల్లో ఆ నమ్మకం రాదు. ఉన్నవాటినే బాగుచేయించు. నాలుగు డ్రమ్ములూ విప్పి వీల్ సిలిండర్ల రబ్బరు టోపీ వేలితో కొంచెం ఎత్తి చూడు, లోపల తడి ఉంటే ఆ సిలిండర్ పని అయిపోయినట్టే. మాస్టర్ సిలిండర్ కిట్ మార్చు. బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయించు, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ తేమ కొండ దిగేటప్పుడు వేడికి ఆవిరై పెడల్ మెత్తగా కిందికి పోతుంది.

నార్కట్‌పల్లి దగ్గర ఆగింది పెట్రోల్ ఆవిరై లైన్‌లో పట్టేయడం వల్ల, నాన్నగారు చేసింది సరైన పనే. కానీ ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది, దానివల్ల ఈ ఇబ్బంది పెరుగుతుంది, పాత రబ్బరు పైపులు, పంపు లోపలి డయాఫ్రమ్ ఉబ్బి పగులుతాయి. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఇథనాల్‌కి తట్టుకునే పైపు వేయించి, పంపు కిట్ ఒకటి మార్చి ఇంకొకటి దగ్గర పెట్టుకో. పైపు ఎగ్జాస్ట్‌కి దగ్గరగా వెళ్లకుండా చూడు.

సునౌలీ దాటినవాణ్ణి

పైన చెప్పినవన్నీ నిజం. నేను మారుతి 800లో రెండుసార్లు వెళ్లొచ్చాను, కాగితాల సంగతి నేను చెప్తాను.

అన్నిటికన్నా ముందు ఆర్సీ చూసుకోండి. 15 ఏళ్లు దాటిన కారుకి ఐదేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది, గడువు మీ ట్రిప్పు మధ్యలో పడితే ఇప్పుడే చేయించండి. తర్వాత ఇన్సూరెన్స్. మామూలు పాలసీ ఇండియాలోనే చెల్లుతుంది. నేపాల్‌కి కూడా వర్తించేలా కొంచెం ప్రీమియం అదనంగా కట్టి పాలసీ మీద రాయించుకోవచ్చు, కానీ బ్రాంచికి వెళ్లి గట్టిగా అడగాలి, ఫోన్లో అడిగితే చాలామందికి తెలియదు. మీ ఇద్దరికీ పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఒరిజినల్ ఉండాలి. బండి నాన్నగారి పేరున ఉంది, ఆయన పక్కనే ఉంటారు కాబట్టి ఆథరైజేషన్ లెటర్ బాధ లేదు.

బోర్డర్‌లో భన్సార్ అంటారు, అంటే కస్టమ్స్. అక్కడ రోజుల లెక్కన డబ్బు కట్టి బండికి పర్మిట్ తీసుకోవాలి. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: మీకు ఎనిమిది రోజులు కావాలంటే పదకొండు రోజులకి కట్టండి. మొదటిసారి మా బండి పోఖరాలో క్లచ్ కేబుల్ తెగి రెండు రోజులు ఆగింది, పర్మిట్ గడువు రేపటితో అయిపోతుందనగా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీది పాత బండి, ఆ మూడు రోజుల డబ్బు మనశ్శాంతికి కట్టాననుకోండి. 100 రూపాయల నోట్లు ఎక్కువ పెట్టుకోండి. వాళ్ల నూట అరవై రూపాయలు మన వందకి సమానం, మన నోట్లు చాలాచోట్ల తీసుకుంటారు. టైము మనకన్నా పావుగంట ముందు.

అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి. బుట్వల్ దాటాక పాల్పా మీదుగా పోఖరా వెళ్లే రోడ్డు అంతా మలుపులే, మొదట్లో సిద్ధబాబా దగ్గర కొండచరియలు పడుతుంటాయి, చీకటి పడ్డాక అక్కడ వద్దు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడు కూడా అదే గేరు, బ్రేకు మీద కాలు ఆనించి దిగొద్దు.

ఇంకొకటి, నాన్నగారు బాధపడినా చెప్పాలి. పద్మినిని పోఖరాలోనే ఆపేయండి. అక్కడి నుంచి జోమ్‌సోమ్ మీదుగా ముక్తినాథ్ రోడ్డుకి లోకల్ జీపు మాట్లాడుకోండి. గుడి 3,700 మీటర్లకు పైన ఉంది, అక్కడ గాలి పల్చగా ఉంటుంది, కార్బురేటర్ ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువై ఊపిరాడదు. రోడ్డు కూడా రాళ్లు, బురద. 71 ఏళ్ల మనిషిని ఒకే రోజులో అంత పైకి తీసుకెళ్లొద్దు, జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి ఆగి, పొద్దున దర్శనం చేసుకుని దిగండి. డాక్టర్‌ని ముందే అడగండి.

నాన్నగారి పద్మిని

ఇద్దరికీ చాలా థాంక్స్. నిన్న ఆదివారం మొత్తం బండితోనే గడిపాం. కంప్రెషన్ నాలుగింటిలోనూ దగ్గరగానే ఉంది, కాబట్టి ఇంజిన్ దించడం లేదు. వెనక ఎడమవైపు డ్రమ్ము తీసి, మీరు చెప్పినట్టు రబ్బరు టోపీ ఎత్తితే లోపలి నుంచి నల్లటి తడి వేలికి అంటింది. ఇన్ని నెలలూ దీంతోనే తిరిగామా అని ఒళ్లు జలదరించింది. నాలుగూ మార్పిస్తున్నాం.

టైర్ల మీద తయారీ తేదీ చూశాను, నాలుగంకెల్లో చివరి రెండూ ఏడాది కదా, 15 అని ఉంది. టైరు మీది గాళ్ల అచ్చు ఇంకా కొత్తదానిలా ఉంది కానీ పక్కగోడల మీద సన్నటి పగుళ్లు. ట్యూబులతో సహా ఐదూ మార్చాలి. ముక్తినాథ్‌కి జీపు సంగతి నాన్నకి చెప్పాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, పోఖరాలో చెరువు పక్కన నీడలో పెడదాం దాన్ని" అన్నారు.

కొవెంట్రీ నుంచి

మాది గుంటూరు, ఇంగ్లండ్‌లో ఉంటున్నాం, మా దగ్గర 1978 మినీ కారు ఉంది. మూడేళ్ల కిందట డోవర్ దగ్గర ఫెర్రీ ఎక్కించి ఆల్ప్స్ దాకా వెళ్లొచ్చాం. మీది చదువుతుంటే ఒక్క మాట చెప్పాలనిపించింది. మినీలో డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) సరిగ్గా ముందు గ్రిల్ వెనకే ఉంటుంది, ఫ్రాన్స్‌లో పెద్ద వానలో లారీ వెనక వెళ్తుంటే నీళ్లన్నీ దాని మీదే పడి ఇంజిన్ ఆగిపోయింది. గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్ ఒకటి దాని మీద తొడిగి, వేళ్ల చివర్లు కత్తిరించి వైర్లు బయటికి తీశాం, ఇంటికొచ్చేదాకా అలాగే వచ్చాం. ఆ ఉపాయం ఇక్కడి పాత మినీ వాళ్లు వెళ్లేముందే చెప్పారు, నేనే పట్టించుకోలేదు. మీ బండి అలవాట్లు నాన్నగారికి తెలిసినంతగా ఎవరికీ తెలియవు, ఆయన్ని కూర్చోబెట్టి నలభై ఏళ్లలో అది ఎక్కడెక్కడ ఎందుకు ఆగిందో అన్నీ రాయించుకోండి. స్పేర్ల లిస్టు అందులోంచే వస్తుంది.

ఆటోనగర్ అబ్బాయి

అక్క చెప్పింది బంగారం లాంటి మాట. నా తరఫున స్పేర్లు: స్పార్క్ పుట్టించే వైపు పాయింట్లు, కండెన్సర్ రెండేసి (కొత్త కండెన్సర్ కూడా పెట్టెలోంచి తీయగానే పనిచేయకపోవచ్చు, అందుకే ఒకసారి బండికి బిగించి పది కిలోమీటర్లు తిరిగి, తీసి దాచుకో), కాయిల్, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, క్లచ్ సామాను, హెడ్ గ్యాస్కెట్, వీల్ బేరింగ్ ఒక సెట్టు, పాయింట్ల సందు కొలిచే ఫీలర్ గేజ్. స్టీరింగ్ పక్కన ఉండే గేరు రాడ్ల బుష్‌లు అరిగితే గేరు మధ్యలో ఇరుక్కుంటుంది, అవి ఇప్పుడే మార్పించు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్‌లకి గ్రీజు బయల్దేరేముందు ఒకసారి, గోరఖ్‌పూర్‌లో ఒకసారి. ముంబయిలో పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి కదా, సామాను అంత సులభంగా దొరకడం లేదు, ఇవాళే వెతకడం మొదలుపెట్టు.

పని అంతా అయ్యాక నెల రోజులు టైముండాలి. ఆ నెలలో ఏమీ మార్చకూడదు, తిప్పడమే.

నాన్నగారి పద్మిని

అలాగే. ఆగస్టు చివరికల్లా పని పూర్తి చేయిస్తాను. మొదటి పరీక్ష శ్రీశైలం. దారిలో మన్ననూరు అడవి చెక్‌పోస్టు పొద్దున ఆరింటికి తీస్తారు, ఆ టైముకి అక్కడుంటాం. ఘాట్ దిగి డ్యామ్ దగ్గర ఆపి, నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి ఏది ఎంత వేడెక్కిందో చూసి, ఆ రాత్రే ఇక్కడ రాస్తాను. నాన్న పాత డైరీలు అటక మీద నుంచి దించారు, 1991లో రేణిగుంట దగ్గర ఫ్యాన్ బెల్ట్ తెగిన సంగతి వరకూ వచ్చాం.