డిటైనీ అంటే ఖైదీయేనా?

అందరికీ నమస్కారం అండి, ఒక అనువాదం దగ్గర రెండ్రోజుల్నుంచి ఇరుక్కుపోయా. అమెరికాలో పోలీసులు కొట్టారనో లాకప్పులో వైద్యం అందనివ్వలేదనో సెక్షన్ 1983 కింద వేసే పౌరహక్కుల దావాల మీద వ్యాసం (1983 సంవత్సరం కాదండోయ్, సెక్షన్ నంబరు, చట్టం 1871 నాటిది). అందులో పేరాకోసారి ప్రీట్రయల్ డిటైనీ (అరెస్టయి, కేసు ఇంకా తేలక లోపలే ఉన్నవాడు) అని వస్తుంది, నేను ఖైదీ, ఖైదీ అని రాసుకుంటూ పోయా, సగం అయ్యాక చూసుకుంటే అర్థమే తిరగబడింది.

ఎందుకంటే అక్కడ మనిషి ఏ దశలో ఉన్నాడన్నదాన్ని బట్టి దావా మారిపోతుంది. పట్టుకునేటప్పుడు కొడితే రాజ్యాంగం నాలుగో సవరణ. శిక్ష పడ్డాక జైల్లో కొడితే ఎనిమిదోది, అప్పుడు బాధ పెట్టాలనే కొట్టారని కూడా చూపించాలి, అది మహా కష్టం. ఈ రెంటి మధ్య ఉన్నవాడు, అంటే కేసు ఇంకా తేలనివాడు, అతనికి పద్నాలుగోది. కింగ్స్‌లీ కేసని ఒకటుంది, సెల్లో లైటుకి అంటించిన కాగితం తీయనన్నాడని మొదలైన గొడవ టేజర్‌తో షాకిచ్చేదాకా పోయింది. 2015లో సుప్రీంకోర్టు ఏమందంటే ఇలాంటివాడు ఆఫీసరు మనసులో ఏముందో నిరూపించక్కర్లేదు, ఆ పరిస్థితికి ఆ బలం మితిమీరిందని చూపిస్తే చాలు అని. ఇద్దర్నీ ఖైదీ అనేస్తే ఈ తేడా ఎక్కడ కనపడుతుంది చెప్పండి.

బందీ అంటే కిడ్నాప్‌లా ఉంది, నిర్బంధితుడు నోరు తిరగట్లేదు.

— పేపర్లలో రిమాండ్ ఖైదీ అంటారుగా, అదే వాడేయండి.

— ఖైదీ మీద అంత కోపం ఎందుకండీ? ఖైద్ అరబ్బీ మాట, సంకెల అని అర్థం, అందులో శిక్ష లేదు, నేరం లేదు, అవి మనం తగిలించుకున్నవే. ముందు ‘విచారణ’ పెట్టండి, సరిపోతుంది.

— అదుపులో ఉన్న వ్యక్తి అనొచ్చేమో?

అది నేనూ అనుకున్నానండి, కానీ అదుపు అనగానే అదుపు తప్పిన లారీయే గుర్తొస్తోంది, పైగా ఈ దావాల్లో గోలంతా అదుపు తప్పింది పోలీసులే అని కదా :) విచారణ ఖైదీ బాగుంది, అదే పెడుతున్నా. అరెస్టయి ఇంకా స్టేషన్లోనే ఉన్నవాడికి మాత్రం ఇది అతకట్లేదు, అక్కడికి ‘అరెస్టయిన వ్యక్తి’ అని రాసేస్తా. ఎక్సెసివ్ ఫోర్స్‌కి మితిమీరిన బలప్రయోగం కాకుండా ఇంకేదైనా తేలిక మాట ఉంటే చెప్పండి, పేరాకి నాలుగుసార్లు వస్తోంది.