ఫోన్ ట్యాపింగ్: హ్యాండ్‌సెట్‌లో కనిపించదు, ఆర్డర్ ఫైల్లో తేదీలు చూడాలి

కృష్ణాతీరం:
*#21# కొడితే ట్యాపింగ్ తెలిసిపోతుందన్న మెసేజ్ మళ్లీ గ్రూపుల్లో తిరుగుతోంది. కాల్‌లో టిక్ టిక్ శబ్దం, బ్యాటరీ వేడెక్కడం కూడా గుర్తులేనట. ఇందులో నిజమెంత? ట్యాప్ చేశారని తర్వాత బయటపడితే కోర్టులో పట్టుకోవాల్సిన అంశాలేమిటి?

టవర్‌గడప:
ఆ కోడ్ కాల్ ఫార్వర్డింగ్ ఉందో లేదో చెబుతుంది, అంతే. ఓటీపీ మోసగాళ్లు పెట్టిన ఫార్వర్డింగ్‌ను పట్టుకోవడానికి పనికొస్తుంది, ##002# కొడితే అన్నీ రద్దవుతాయి. ప్రభుత్వ ట్యాపింగ్ మాత్రం ఆపరేటర్ నెట్‌వర్క్‌లోనే జరుగుతుంది. మీ కాల్ నకలు అక్కడి నుంచే ఏజెన్సీకి వెళ్తుంది. ఫోన్ మీద అదనపు పని ఏమీ పడదు కాబట్టి శబ్దం, వేడి దానికి ఆనవాళ్లు కావు.

ఇందులో చాలామందికి తెలియని కాగితం ఒకటుంది. 2007లో సవరించిన పాత టెలిగ్రాఫ్ నియమాల 419ఏ నిబంధన ప్రకారం ఆర్డర్ అందిన 2 గంటల్లో కంపెనీ నోడల్ అధికారి (ఈ ఆర్డర్లు చూసేందుకు నియమించిన అధికారి) అందినట్టు రాసివ్వాల్సి ఉండేది. 15 రోజులకోసారి తనకొచ్చిన ఆర్డర్ల జాబితాను ఏజెన్సీకి పంపి, అవి నిజమైనవేనని ధ్రువీకరించుకోవాల్సి ఉండేది. దొంగ ఆర్డర్ దొరికిపోయేది ఈ జాబితాలోనే.

వకాల్తా_హైదరాబాద్:
కోర్టు సంగతి నేను చెబుతాను. కేసంతా తేదీల మీదే నడుస్తుంది.

మూలం ట్యాపింగ్‌కు హద్దులు పెట్టిన 1996 సుప్రీంకోర్టు పీయూసీఎల్ తీర్పు. ఇప్పుడు 1885 టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం సెక్షన్ 20(2), దాని కింద 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనలు ఉన్నాయి. ఆర్డర్ ఇవ్వాల్సింది కేంద్రంలో హోం కార్యదర్శి, రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శి. అత్యవసరమని రాష్ట్ర పోలీసులే మొదలుపెడితే ఆ అధికారి ఐజీ స్థాయికి తగ్గకూడదు. 3 పనిదినాల్లో పైవారికి తెలపాలి, 7 పనిదినాల్లో ఆమోదం రావాలి. రాకపోతే ఆపేయాల్సిందే. ఆర్డర్ గడువు 60 రోజులు. ఎంత పొడిగించినా మొత్తం 180 దాటకూడదు.

కాబట్టి ఛార్జిషీటులో కాల్ రికార్డింగ్ కనిపించగానే ఆర్డర్ నకలు, దానిలో రాసిన కారణాలు, రివ్యూ కమిటీకి (ఆర్డర్లు సక్రమమేనా అని చూసే కమిటీ) పంపిన తేదీ, కమిటీ ఏం తేల్చిందో అడగండి. కారణాల చోట సెక్షన్‌లోని మాటలనే తిరిగి టైపు చేసి ఉంటే అది బలమైన పాయింటు. ఏఐఆర్ 2007 ఏపీ 102 తీర్పు చూడండి, మన ఉమ్మడి ఏపీ హైకోర్టుదే. రివ్యూ కమిటీకి పంపకపోవడం అక్కడ ప్రభుత్వానికి ఎదురుతిరిగింది. రికార్డింగ్‌కు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సినది), హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ ముద్ర) ఉన్నాయా అన్నది వేరే పాయింటు, రెంటినీ కలపొద్దు.

గోదారిగట్టు:
వకాల్తా గారూ, ఒక్క మాట చేర్చాలి. ఆర్డర్ అక్రమమైతే సాక్ష్యం దానంతటదే పోతుందని ఎవరూ ధీమాగా ఉండొద్దు. సంబంధం ఉన్న సాక్ష్యమైతే సంపాదించిన తీరు తప్పైనా చెల్లుతుందని పార్లమెంటుపై దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు అన్నది, ప్రాసిక్యూషన్ దాన్నే ముందు పెడుతుంది. లంచం కేసుల్లో హైకోర్టులు రెండు దారుల్లో ఉన్నాయి. 2019లో బొంబాయి, 2025 జులైలో మద్రాసు ట్యాపింగ్ ఆర్డర్లను కొట్టేశాయి. 2025 జూన్‌లో ఢిల్లీ మాత్రం పెద్ద అవినీతి ప్రజా భద్రత కిందికే వస్తుందంది.

వకాల్తా_హైదరాబాద్:
నిజమేనండీ. అందుకే సాక్ష్యం తిరస్కరించమనడంతో ఆగకుండా, ఆర్డర్‌నే రద్దు చేయాలని హైకోర్టులో విడిగా రిట్ వేయడం మేలు.

కృష్ణాతీరం:
రివ్యూ కమిటీ నిజంగా చూస్తుందా? ఆర్టీఐలో అడగొచ్చా?

గోదారిగట్టు:
కమిటీలో ఉండేది కార్యదర్శులే, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి అధ్యక్షత. జడ్జి ఒక్కరూ లేరు, అసలు లోపం ఇదే. కేంద్ర కమిటీ రెండు నెలలకోసారి కూర్చుని 15,000 నుంచి 18,000 ఆర్డర్లు చూడాల్సి వస్తోందని 2018లో డేటా రక్షణపై వేసిన శ్రీకృష్ణ కమిటీ రాసింది. అన్ని ఫైళ్లను చదవడం మనుషులకు సాధ్యం కాదు. ఆర్టీఐలో మీ నంబరు గురించి అడిగితే దేశ భద్రత మినహాయింపు 8(1)(ఎ) చూపి తిప్పి పంపుతారు.

తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు మూలం కూడా ఇక్కడే ఉంది. 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్లో నమోదైన కేసులో ఆరోపణ ఏమిటంటే, మావోయిస్టుల కోసం పెట్టిన ఎస్ఐబీ (పోలీసుల ప్రత్యేక నిఘా విభాగం) వ్యవస్థను రాజకీయ నేతలు, వ్యాపారుల మీదకు తిప్పారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని. పాత రికార్డులను 6 నెలలకోసారి నాశనం చేయాలన్న నిబంధన ఎలాగూ ఉంది. అది పౌరుడి గోప్యత కోసం పెట్టిందే, కానీ అక్రమం జరిగితే ఆధారాలూ దాంతోనే పోతాయి. ఆర్డర్ల లాగ్‌ను వేరే చోట, న్యాయస్థానం అధీనంలో ఉంచాలని అడగాలి మనం.

టవర్‌గడప:
వాట్సాప్, సిగ్నల్ మాటలు ఆపరేటర్ దగ్గర వినపడవు. కానీ ఏ ఐపీకి ఎప్పుడు కలిశారో ఐపీడీఆర్‌లో (ఇంటర్నెట్ వాడకం రికార్డు) ఉంటుంది, దాన్ని కంపెనీలు కనీసం 2 ఏళ్లు దాచాలి. కాల్ వివరాల రికార్డు సీడీఆర్‌కూ అదే గడువు.

మాటలే కావాలంటే ఫోన్‌లోకి దూరాలి. పెగాసస్ లాంటి గూఢచర్య సాఫ్ట్‌వేర్లు చేసేది ఆ పనే. 2022లో సుప్రీంకోర్టు సాంకేతిక కమిటీ 29 ఫోన్లు చూస్తే 5 ఫోన్లలో మాల్‌వేర్ కనిపించింది, అది పెగాససేనని మాత్రం తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని కోర్టు చెప్పింది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో లాక్‌డౌన్ మోడ్ పెట్టండి. రోజుకోసారి రీస్టార్ట్ చేస్తే నిలదొక్కుకోని రకాలు పోతాయి. వాట్సాప్ బ్యాకప్‌కు విడిగా ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయాలి, చాలామంది ఇది వదిలేస్తారు.

అనుమానం గట్టిగా ఉంటే ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం వద్దు, ఆనవాళ్లు చెరిగిపోతాయి. ముందు పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్ కంప్యూటర్లోకి తీయండి. పాస్‌వర్డ్ లేని బ్యాకప్‌లో సఫారీ హిస్టరీ లాంటివి రావు. ఆ తర్వాత ఆమ్నెస్టీ విడుదల చేసిన ఎంవీటీ అనే ఫోన్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌తో పరీక్షించాలి. అందులో ఏమీ దొరకలేదంటే తెలిసిన గుర్తులు లేవనే అర్థం, ఫోన్ శుభ్రంగా ఉందని కాదు.

కృష్ణాతీరం:
గ్రూపులో ఆ *#21# మెసేజ్ కింద ఈ లింకు పెడుతున్నాను.