మినీబూన్‌లో 638 అదనపు ఈవెంట్లు: 12 సిగ్మానా, 4.8 సిగ్మానా?

వైజాగ్ ఎమ్మెస్సీ:
ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ సెమినార్‌కి అమెరికాలోని ఫెర్మీల్యాబ్ న్యూట్రినో ప్రయోగం మినీబూన్ తీసుకున్నాను. 2020 పేపర్లో అంచనాకన్నా అదనంగా వచ్చిన ఎలక్ట్రాన్ తరహా ఈవెంట్లు 638.0 ± 52.1 ± 122.2 అని ఉంది. మొదటి ఎర్రర్‌తో భాగిస్తే 12 సిగ్మా (ఎర్రర్‌కి ఎన్ని రెట్లన్న కొలత) దాటుతోంది, వాళ్లేమో 4.8 అంటున్నారు. రెండో ఎర్రర్ ఎందుకంత పెద్దది? అది స్టెరైల్ న్యూట్రినోనా (మామూలు న్యూట్రినోల్లా పదార్థంతో చర్య జరపని ఊహాజనిత కణం), బ్యాక్‌గ్రౌండా (వేరే చర్యలిచ్చే నకిలీ సంకేతాలు) తేల్చేదెలా?

కోవేరియన్స్:
రెండు ఎర్రర్ల వర్గాలు కూడి వర్గమూలం తీయండి, 132.8 వస్తుంది. 638ని దానితో భాగిస్తే 4.8. 52.1 లెక్కింపు ఎర్రర్, 122.2 అసలు ఎన్ని రావాలన్న అంచనాలో ఉన్న సందేహం. బెరీలియం టార్గెట్‌లో ఎన్ని పయాన్లు (విడిపోయి న్యూట్రినోలనిచ్చే కణాలు) పుట్టాయి, కార్బన్‌తో క్రాస్ సెక్షన్ (చర్య జరిగే అవకాశం) ఎంత, డిటెక్టర్ ఆయిల్‌లో వెలుతురు ఎలా చెదురుతుంది, అన్నీ అందులోవే. వీటిలో ఏది తప్పినా చాలా బిన్లు (శక్తిని బట్టి చేసిన గడులు) కలిసికట్టుగా పైకో కిందికో జరుగుతాయి. ఒక్కో బిన్ ఎర్రర్ విడిగా పెట్టి కై-స్క్వేర్ (డేటా, అంచనా ఎంత సరిపోయాయో చెప్పే సంఖ్య) వేస్తే జవాబు తప్పు. వాళ్లు విడుదల చేసిన ఫ్రాక్షనల్ కోవేరియన్స్ మాట్రిక్స్ (బిన్ల ఎర్రర్లు కలిసి ఎలా మారతాయో చెప్పే పట్టిక) వాడండి: ప్రతి గడినీ దాని రెండు బిన్ల అంచనాలతో గుణించి, ఆ తర్వాతే డయాగొనల్‌లో స్టాటిస్టికల్ వేరియన్స్ కలపాలి. మ్యూయాన్ న్యూట్రినో బిన్లు మాత్రం తీసేయకండి, ఫ్లక్స్ (బీమ్‌లో ఎన్ని న్యూట్రినోలున్నాయన్న) ఎర్రర్‌ను కట్టడి చేసేవి అవే.

లిక్విడ్ ఆర్గాన్:
లెక్క సరే, అసలు చిక్కు డిటెక్టర్‌లో ఉంది. 818 టన్నుల ఆయిల్‌లో ఎలక్ట్రాన్ చెరెన్‌కోవ్ వలయమూ (వేగంగా పోయే కణం వదిలే వెలుతురు వలయం) ఫోటాన్ వలయమూ ఒకేలా మసగ్గా ఉంటాయి. పై-జీరో (విద్యుదావేశం లేని పయాన్) రెండు ఫోటాన్లుగా విడిపోతుంది. ఒకటి ట్యాంకు దాటిపోయినా, రెండు వలయాలూ ఒకదానిమీద ఒకటి పడినా అచ్చం ఎలక్ట్రానే. డేటా ఎంత పోగేసినా ఇది తీరదు.

అదే బీమ్‌లో ద్రవ ఆర్గాన్ డిటెక్టర్ మైక్రోబూన్ పెట్టింది అందుకే. సంకేతం పట్టే తీగల మధ్య ఎడం 3 మిల్లీమీటర్లు. షవర్ (ఎలక్ట్రాన్ లేదా ఫోటాన్ పుట్టించే కణాల జల్లు) మొదటి కొన్ని సెంటీమీటర్లు చూడండి: ఎలక్ట్రానైతే సెంటీమీటరుకు సుమారు 2 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు) శక్తి వదులుతుంది, ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారిన ఫోటానైతే 4. పైగా న్యూట్రినో తగిలిన చోటుకీ ఫోటాన్ షవర్‌కీ మధ్య ఖాళీ కనబడుతుంది; ఆర్గాన్‌లో రేడియేషన్ లెంగ్త్ (ఫోటాన్ జంటగా మారేలోపు పోయే దూరానికి స్థూల కొలత) 14 సెంటీమీటర్లు. ప్రోటాన్ జాడ లేకపోతే ఆ ఖాళీ కొలవలేం, శక్తి నష్టం మీదే ఆధారపడాలి.

మైక్రోబూన్ 2025 డిసెంబరు ఫలితం ఒకే తేలికపాటి స్టెరైల్ న్యూట్రినో అన్న వివరణను 95 శాతం కాన్ఫిడెన్స్‌తో తోసిపుచ్చింది. స్లైడ్‌లో "కారణం తేలలేదు" అనే రాయండి.

వైజాగ్ ఎమ్మెస్సీ:
చాలా థాంక్సండీ. బెస్ట్ అనే మరో న్యూట్రినో ప్రయోగంలోని గాలియం లోటును కూడా ఇందులో కలపొచ్చా?

లిక్విడ్ ఆర్గాన్:
వద్దు, వేరే స్లైడ్ పెట్టండి. అక్కడ క్రోమియం-51 సోర్స్ నుంచి రావాల్సినదానికన్నా 20 శాతానికి పైగా తక్కువ వచ్చింది, ఫోటాన్ గొడవే లేదు. సరిచూడాల్సినవి సోర్స్ బలం, న్యూట్రినో తగిలి గాలియం నుంచి పుట్టే జెర్మేనియం పరమాణువుల్ని బయటికి తీసే సామర్థ్యం, గాలియం క్రాస్ సెక్షన్.